ఎస్నాతి ఇంటి రేకులు

మలావీ దేశ రాజధానిలో యామికానీ అనే పరిశోధకుడు ఉండేవాడు. అతనికి తెలివి ఎంత ఎక్కువో, ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినే ఓపిక అంత తక్కువ.

మలావీ ఆఫ్రికా ఖండంలో ఒక చిన్న దేశం. అక్కడి రాజధానిలో ఎత్తైన గోడల వెనుక, పచ్చిక మీద రోజంతా నీళ్లు చిమ్ముకునే ఇళ్లున్నాయి. ఆ గోడలు దాటి ఒక పూట ప్రయాణం చేస్తే, ఒంటిపూట తిండితో రోజు గడిపే ఊళ్లున్నాయి. ఈ తేడా ఎందుకు వచ్చింది, దాన్ని ఎలా తగ్గించాలి అన్నదే యామికానీ పరిశోధన. అతను మనసులేనివాడేం కాదు. సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టుకుని బతికే ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు ఆకలికి తాళలేక బడిలో సొమ్మసిల్లిన రోజులున్నాయి. తన చదువు పేదవాళ్లకు అక్కరకు రావాలని నిజంగానే కోరుకునేవాడు.

కానీ ఎవరైనా నాలుగు మాటలు చెప్పబోతే రెండో మాటకే "సరే, అర్థమైంది" అనేసేవాడు. ఇంట్లో భార్య దగ్గరా అంతే, ఆఫీసులో తోటివాళ్ల దగ్గరా అంతే. "మనుషుల దగ్గర మాటలెక్కువ, విషయం తక్కువ" అని నవ్వేవాడు.

ఒక ఏడాది ప్రభుత్వం ఒక మంచి పథకం తలపెట్టింది. ఆ దేశంలో వానలు పడి, కొత్త పంట ఇంకా చేతికి రాకముందు, పాత గింజలు అయిపోయి ఊళ్లకు ఊళ్లు పస్తులుండే నెలలు కొన్ని ఉంటాయి. ఆ నెలల్లో కటిక పేదల ఇళ్లకు మొక్కజొన్నలు ఊరికే ఇవ్వాలని అనుకున్నారు. అందరికీ ఇచ్చేంత ధాన్యం లేదు. మరి కటిక పేదలెవరో తేల్చేదెలా? ఆ పని యామికానీకి అప్పగించారు.

అతను పన్నెండు ప్రశ్నలతో ఒక కాగితం తయారుచేశాడు. ఇంట్లో సైకిలుందా? రేడియో ఉందా? మేకలెన్ని? ఇంటి కప్పు గడ్డిదా, రేకులదా? ప్రతి జవాబుకూ ఇన్ని మార్కులని పెట్టాడు. మార్కులు ఎక్కువ వచ్చిన ఇల్లు పేదది కాదన్నమాట. రేకుల కప్పుకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేశాడు. రేకులు వేయించుకోగలిగినవాళ్లు గింజలు కొనుక్కోలేరా అన్నది అతని వాదన. కాగితం మీద ఆ వాదనలో వంక పెట్టడానికేమీ కనబడలేదు.

మొదటి ఊరికి తనే స్వయంగా వెళ్లాడు. అది దక్షిణాన, నది పక్కన పల్లంలో ఉన్న ఊరు. అక్కడ ఎస్నాతి అనే ముసలామె, ఏడేళ్ల మనవరాలు తియమీకె, ఇద్దరే ఒక మట్టిగోడల ఇంట్లో ఉండేవారు. యామికానీ వెళ్లేసరికి ఎస్నాతి వాకిట్లో కూర్చుని కూర కోసం గుమ్మడాకుల పీచు తీస్తోంది. అతన్ని చూసి చాప పరిచింది.

"రా నాయనా, కూర్చో. ఎండన పడి వచ్చావు, మంచినీళ్లు తాగు."

అతను కూర్చోలేదు. "అమ్మా, ఇంటి కప్పు గడ్డిదా, రేకులదా?"

"రేకులే బాబూ. కానీ ఆ రేకుల సంగతి..."

"రేకులు," అని అతను రాసుకున్నాడు.

"అది కాదు నాయనా, వరదొచ్చిన ఏడు..."

"అమ్మా, ఇంకా నలభై ఇళ్లు తిరగాలి. అడిగినదానికే చెబితే చాలు. మేకలున్నాయా?"

"లేవు."

తియమీకె అవ్వ చెంగు పట్టుకుని లాగింది. "అమ్మ సంగతి చెప్పవే అవ్వా."

"చెప్పనిస్తేగా తల్లీ," అంది ఎస్నాతి మెల్లగా.

యామికానీ అప్పటికే పక్కింటి వైపు నడిచాడు.

రెండు నెలల్లో అతని కాగితం దేశమంతా తిరిగింది. పెద్దలు మెచ్చుకున్నారు. విదేశాల నుంచి పిలుపులు వచ్చాయి. ఊరూరా జాబితాలు అంటించారు. ఆ నది పక్క ఊళ్లో రేకుల ఇళ్లవాళ్ల పేర్లు ఒక్కటీ జాబితాలో లేవు.

అక్టోబరులో ఆ ఊరి పెద్ద మ్వాలె దగ్గర్నుంచి యామికానీకి ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు, వంకర టింకర అక్షరాలు. 'అయ్యా, ఉండాల్సినవాళ్లు జాబితాలో లేరు. వానలు రాకముందే ఒక్కసారి వచ్చి మా మాట వినిపొండి' అని మొదలైంది. యామికానీ అంతవరకే చదివాడు. "నాకు తెలిసిందే. దక్కనివాళ్ల గోల ఎప్పుడూ ఉండేదే," అనుకున్నాడు. మిగతా మూడు పేజీలూ తిప్పకుండానే జవాబు రాయించాడు: 'రేకుల కప్పు ఉన్న ఇళ్లకు అర్హత లేదు. నవంబరు చివర్లో మళ్లీ వచ్చి ప్రతి ఇల్లూ చూస్తాం.'

నవంబరు చివర్లో అతను వెళ్లలేదు. విదేశంలో ఒక సభలో తన పరిశోధన గురించి మాట్లాడమని పిలిచారు. అక్కడినుంచి వచ్చాక ఇంకో సభ. ఊళ్లకు వెళ్లే పని వాయిదా పడుతూ జనవరికి జరిగింది.

జనవరిలో జీపు ఆ ఊరి పొలిమేరకు చేరేసరికి చిన్నగా వాన పడుతోంది. యామికానీ అద్దంలోంచి బయటికి చూసి ఉలిక్కిపడ్డాడు. వరసగా ఇళ్ల మీద కప్పులు లేవు. కొన్నిటి మీద కుళ్లిన దంట్లు అక్కడక్కడ వేలాడుతున్నాయి. మట్టిగోడలు నాని జారిపోతున్నాయి.

"పెద్ద గాలివాన వచ్చినట్టుంది," అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఊరి పెద్ద మ్వాలె గొడుగు లేకుండానే ఎదురొచ్చాడు.

"గాలివాన ఎప్పుడొచ్చిందండీ?" అని అడిగాడు యామికానీ.

మ్వాలె అతని ముఖంలోకి చూశాడు. "గాలి కాదయ్యా. మీ జవాబు వచ్చింది."

"అంటే?"

"రేకులుంటే గింజలు రావన్నారు. నవంబరులో వచ్చి చూస్తామన్నారు. అందరూ రేకులు పీకి దాచేసి, ఇంటి మీద జొన్నదంట్లు పరుచుకున్నారు. వద్దని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఆకలిగా ఉన్నవాళ్లు ఊరి పెద్ద మాట వింటారా, కాగితం మాట వింటారా?"

యామికానీ నానిన దారిలో జారుతూ ఎస్నాతి ఇంటికి వెళ్లాడు. ఇంటి మీద పాత జొన్నదంట్లు పరిచి ఉన్నాయి. వాటి మధ్యనుంచి నీళ్లు లోపల నేల మీదికి ధారగా పడుతున్నాయి. ఎస్నాతి గోడ మూల పొడిగా మిగిలిన జానెడు చోట ముడుచుకుని కూర్చుంది. అతన్ని చూసి లేవబోయి లేవలేకపోయింది.

"వచ్చావా బాబూ," అంది. "కప్పు దంట్లదే. రాసుకో."

అతను ఇల్లంతా కలయజూశాడు. "పాప ఏదమ్మా?"

"రాసుకో ముందు. మళ్లీ తొందరగా వెళ్లాలంటావు."

"నీ మనవరాలు ఏదమ్మా?"

"పోయింది నాయనా. క్రిస్మస్‌కు ముందు వారం. తడిసి తడిసి దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం. ఆసుపత్రికి మోసుకుపోదామంటే వాగు పొంగి ఉంది. రెండు రోజులు గట్టున కూర్చున్నాం. నీళ్లు తగ్గేసరికి మోయాల్సిన పని లేకపోయింది."

యామికానీ తడి నేల మీదే చతికిలబడ్డాడు.

"నేను నవంబరులో రాలేదు కదా," అన్నాడు. "రేకులు మళ్లీ ఎందుకు వేసుకోలేదమ్మా?"

"రేపొస్తావేమో, ఎల్లుండొస్తావేమో అనుకున్నాం బాబూ. వేసిన రోజే వస్తే ఎలా?"

 అప్పుడు యామికానీ అడిగాడు, "ఆ రోజు రేకుల సంగతి ఏదో చెప్పబోయావు. ఇప్పుడు చెప్పమ్మా. నేను కదలను."

"ఇప్పుడెందుకులే," అందామె. అయినా చెప్పింది. మూడేళ్ల కిందట నది పొంగి ఊరిని ముంచింది. ఎస్నాతి కూతురు నాలుగేళ్ల తియమీకెను తల్లి చేతికి అందించి, వెనకబడ్డ భర్త కోసం నీళ్లలోకి తిరిగి వెళ్లింది. ఇద్దరూ రాలేదు. పాత ఇల్లు గోడలతో సహా కొట్టుకుపోయింది. వరద తీశాక ఎవరో పుణ్యాత్ములు లారీలో వచ్చి, ఇల్లు పోయిన ప్రతివాళ్లకూ పది రేకులు ఇచ్చిపోయారు. ఊళ్లో ఎవరింటి మీద రేకులుంటే ఆ ఇంట్లో సర్వం పోయినట్టు లెక్క. గడ్డి కప్పు ఇళ్లు మెట్ట మీదివి. వాళ్లకు వరద తగల్లేదు, పొలాలు మిగిలాయి.

"రేకులు మాకు కలిగి వచ్చినవి కావు నాయనా. పోగొట్టుకుంటే వచ్చినవి. ఈ ఒక్క ముక్కే నీకు చెప్పాలనుకున్నాను."

ఆమె చెప్పడం ఎంతోసేపు పట్టలేదు. ఒక కుండ నీళ్లు మరిగేంత సేపు కూడా పట్టలేదు.

యామికానీ రాజధానికి తిరిగి వచ్చి ఆఫీసు కాగితాల్లోంచి మ్వాలె ఉత్తరం తీశాడు. మిగతా మూడు పేజీలూ చదివాడు. వరద సంగతీ, రేకుల సంగతీ, ఎవరింట్లో ఎవరు పోయారో అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితాలు పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్లి, "నా ప్రశ్నల కాగితం తప్పు. జాబితాలు ఆపండి" అన్నాడు.

"ఒక్క ఊరి మాట పట్టుకుని దేశం మొత్తాన్ని ఆపుతామా?" అన్నాడు అధికారి. "నీ కాగితాన్ని నువ్వే మెచ్చుకున్నావు కదయ్యా."

యామికానీ ఊరుకోలేదు. తను చేసిన తప్పును తన పేరుతోనే రాసి అచ్చు వేయించాడు. మెచ్చుకున్నవాళ్లే నవ్వారు, సభల పిలుపులు ఆగిపోయాయి. ఏడాది తిరిగాక ఎట్టకేలకు పద్ధతి మార్చారు. జాబితాను ఊరి జనం ముందు చదివి, అభ్యంతరం ఉన్న ప్రతి మనిషి మాటా పూర్తిగా విన్నాకే ఖాయం చేయాలన్నారు. కొన్ని ఊళ్లలో అలా జరిగింది, కొన్ని ఊళ్లలో జరగలేదు.

నది పక్క ఊళ్లో ఎస్నాతి పేరు ఎక్కింది. ఆమె తన వంతు మొక్కజొన్నలు తెచ్చుకుంది. ఇరుగుపొరుగు వచ్చి రేకులు మళ్లీ ఎక్కిస్తామన్నారు.

"వద్దులే," అంది ఆమె. "ఇక తడవడానికి ఈ ఇంట్లో ఎవరున్నారు?"

ఆ మాట మ్వాలె నోట విన్న రోజున యామికానీ అన్నం ముట్టలేదు. ఆ తర్వాత అతను ఎన్నో ఊళ్లు తిరిగాడు, ప్రతి వాకిట్లోనూ చాప మీద కూర్చుని చెప్పింది చెప్పినట్టు విన్నాడు. అతనంత ఓపికమంతుడు లేడని జనం అనుకునేవారు. ఆ ఓపిక ఏ ఇంట్లో, ఎంత ఆలస్యంగా నేర్చుకున్నాడో అతను ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరి కష్టాన్ని తీర్చబోయేవాడు ముందు వాళ్ల మాట చివరిదాకా వినాలి; సగం విని చేసిన మేలు కీడు కంటే ప్రమాదకరం.