నక్క నేర్పిన ‘న మమ’

గడ్డివాము పక్కన పాత గంపలో చుక్కలపెట్ట గుడ్లు పొదుగుతోంది. కడుపు కాలిపోతోంది. అయినా పెంకుల్లోపల ముక్కులు టకటకమంటుంటే లేచేదెలా? ఇప్పుడు లేస్తే ఇన్నాళ్ళ తపస్సూ చల్లారిపోతుంది.

సరిగ్గా అప్పుడే నుదుట ఇంత బూడిద పూసుకుని నక్క వచ్చింది. మీద పడితే పెట్ట ఇల్లంతా లేపుతుందని గుసగుసగా మొదలెట్టింది.

“ఏం పిన్నీ, ఇంకా సంసారంలోనే మునిగున్నావా?”

“మునగడానికి నేనేమన్నా బాతునా? నువ్వెప్పుడు స్వామివయ్యావురా?”

“తోపులో హోమం చూశాక! నెయ్యి పోసినప్పుడల్లా అయ్యవారు ‘ఇదం న మమ’ అన్నాడు. ‘ఇది నాది కాదు’ అని అర్థం. నా కళ్ళు తెరుచుకున్నాయి.”

నోరు కూడానా, అనుకుంది పెట్ట. “నన్నేం చెయ్యమంటావు?”

“గుడ్ల వంక చూసి ఆ మాట అనేసి లేచిపో. మోక్షమే! మిగతాది నేను చూసుకుంటా.”

వాము వెనక కుక్క భైరిగాడు గుర్రుపెడుతున్నాడు. తను కేకేస్తే, వాడొచ్చేలోగా నక్క నోరు గంపలో ఉంటుంది. ముందా నోరు అటు తిరగాలి.

“నాకు నోరు తిరగదు స్వామీ. తూర్పుకు తిరిగి, గొంతెత్తి నువ్వే ఒకసారి చెప్పు. నీ గొంతు ముందు అయ్యవారెంత!”

నక్క ఉబ్బిపోయింది. ఒళ్ళు మరిచి, వాము వైపు తోక చాపి, “ఇదం న మమా... ఊఊఊ!” అని ఊళ పెట్టింది.

ఊళ వింటే కుక్క ఊరుకుంటుందా? ఒక్క దూకుతో భైరిగాడు తోక పట్టాడు.

“అమ్మో, నా తోక! నా తోక!”

“నాది కాదను స్వామీ! మోక్షమే!”

సగం బొచ్చు అక్కడే వదిలి నక్క తుప్పల్లో పడింది.

భైరిగాడు వెంట్రుకలు ఊస్తూ, “నక్కతోక తొక్కితే అదృష్టమట, నేను కొరికేశాను. అయినా అక్కా, నీ గుడ్లంటే ఎంత మమకారమే నీకు!” అన్నాడు.

“నావని ఎవడన్నాడ్రా? బాతువి. దానికి పెట్టడమే వచ్చు, పొదగడం రాదు. అమ్మగారు నా కింద పెట్టింది. నావి కావని మొదట్నుంచీ తెలుసు.”

“మరి తిండి మానేసి ఎందుకు కూర్చున్నావ్?”

“నాది కాదంటూ ఆ అయ్యవారు గరిటె పారేసి పోయాడా? అంటూనే నెయ్యి పోశాడు. నేనూ వేడి పోస్తున్నా.”

టప్పుమని పెంకు పగిలి, వెడల్పాటి పసుపు ముక్కొకటి బయటికొచ్చి “అమ్మా” అంది.

“ఇదిగో, మొదలైంది!” అంటూ పెట్ట రెక్క కాస్త పైకెత్తింది.

‘నాది కాదు’ అంటూ పనిచేసేవాణ్ణి నమ్ము. ‘నీది కాదు’ అంటూ చెయ్యి చాపేవాడి తోక పట్టి చూడు.