కావలి లేని మామిడితోట

గరుడగిరి రాజు సోమభూపాలుడికి ఉగాది పచ్చడి తింటుండగా ఒక కోరిక పుట్టింది. ఈ వారంలోనే తియ్యగా పండే మామిడిచెట్టు నా రాజ్యంలో ఎక్కడైనా ఉందా అని అడిగాడు. ఉంటే దాని అంట్లే తన తోట నిండా నాటించి, అందరికంటే ముందు సంతకు పళ్లు పంపాలని ఆయన ఆలోచన. అలాంటి పండు తెచ్చినవారికే తోట కౌలు అని దండోరా వేయించాడు.

ఆ తోటను ఇరవై ఏళ్లుగా చేస్తున్నది గురవమ్మ. మరొకరు గెలిస్తే ఆమె గుడిసె ఖాళీ చేయాల్సిందే.

వారం తిరిగేసరికి ఇద్దరు వచ్చారు. తోటల అధికారి నాగదేవరాజు వెండిపళ్లెం నిండా మచ్చలేని పసుపుపచ్చ పళ్లు తెచ్చాడు. గురవమ్మ చేటలో ఉన్నవి నాలుగే. వాటిలో మూడు చిలక కొట్టినవి. ఇంటిల్లిపాదీ చెట్టుకింద కూర్చుని అదిలించినా ఇవే మిగిలాయని చెప్పుకుంది.

"ఎంగిలిపళ్లు ప్రభువులకా?" అన్నాడు నాగదేవరాజు. సభ నవ్వింది.

రాజుగారికి తాంబూలం అందించే తిప్పన్న మాత్రం నవ్వలేదు.

"అయ్యగారూ, తమరి చెట్లకు ఎంతమందిని కావలి పెట్టారు?" అని వినయంగా అడిగాడు.

నాగదేవరాజు మీసం దువ్వాడు. ఒక్కణ్నీ పెట్టలేదట. తన పేరు వింటేనే పిట్టలు వణుకుతాయట. ఒక్క చిలకైనా కొమ్మమీద వాలలేదట.

తిప్పన్న రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, దేశమంతా పచ్చికాయలే ఉన్నప్పుడు పండిన చెట్టు కనబడితే చిలకలు వదులుతాయా? వీరి కాయలు పండింది చెట్టున కాదు, గడ్డిలో."

రాజు రెండు రకాలూ అక్కడే కోయించాడు. గురవమ్మ పండులో టెంక గట్టిగా కత్తికి అడ్డుపడింది. అధికారి పండు టెంకతో సహా దోసకాయలా తెగింది. లోపల జీడి ఇంకా లేతగానే ఉంది. నాగదేవరాజు తల దించుకున్నాడు.

కౌలు గురవమ్మదే అన్నాడు రాజు. కానీ ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. రేపు తోటంతా ఈ చెట్లే కాపుకొస్తే చిలకల దండు మొత్తం అక్కడే దిగుతుంది కదా. రాజు తిప్పన్న మొహం చూశాడు.

"అధికారిగారి పేరుకే పిట్టలు వణికితే, ప్రభూ, ఆ మనిషినే తోట మధ్యలో నిలబెడదాం."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలో ముత్యాలహారం తీసి తిప్పన్నకు వేసి, అలాగే కానిమ్మన్నాడు.

గురవమ్మ నాగదేవరాజుకు దణ్ణం పెట్టింది.

"తెల్లారకముందే వచ్చెయ్యండి దొరవారూ. చిలకలు పెందలాడే లేస్తాయి."