రాజుగారి ముక్కు నీడ

వెనకటికి ఒక రాజుగారి బొమ్మ గీస్తూ వీరాచారి అనే చిత్రకారుడు ఆయన ముక్కు పక్కన కాస్త నీడ వేశాడు. “నా ముఖానికి మసి పూస్తావా?” అంటూ రాజు అతణ్ణి చెరసాలలో వేయించాడు.

మర్నాడు వీరాచారి భార్య సూరమ్మ వచ్చి, నీడ లేకుండా తాను గీస్తానంది. రాజు చుట్టూ దీపాలు పెట్టించి, కనిపించింది కనిపించినట్టే గీసింది.

బొమ్మలో ముఖం అప్పడంలా ఉంది.

“నా ముక్కేదీ?” అన్నాడు రాజు.

“నీడ పడితేనే ముక్కు తెలుస్తుంది ప్రభూ. ఆ నీడ వేసినవాణ్ణి మీరు లోపల వేయించారు.”

రాజు అద్దం తెప్పించుకుని చాలాసేపు చూసుకున్నాడు. ఆపైన తనే లేచి ఒక పక్క దీపాలన్నీ కొండెక్కించాడు.

“వీరాచారిని వదిలెయ్యండి. వచ్చి నా ముక్కు నాకు పెట్టమనండి.”