అరిగె అన్న మాట

పాత పద్యాల్లో తెలియని మాట ఎదురైతే రుద్రయ్యగారు శిష్యులకు అర్థం చెప్పేవారు కాదు. పద్యం మళ్లీ చదవమనేవారు. ఒకనాడు మల్లసాని అనే శిష్యురాలు చదవనంది. ఆ పద్యం, కోటవాకిట యుద్ధంలో చనిపోయిన ఆమె పూర్వీకుడు బసివినాయుడి మీద ఎవరో పాతకవి చెప్పింది. ఏటా ఆయన సమాధి దగ్గర ఆ ఇంటివాళ్లు దాన్ని చదివించుకునేవారు. ఆ ఏడు చదవవలసిన వంతు ఆమెది.

"ఏముంది అయ్యవారూ అందులో? 'వాలు వలచేత నరిగె దాపలను దాల్చి.' వాలంటే కత్తి. అరిగె అంటే వెళ్లాడు. కత్తి పట్టుకుని ఎడమదారిన జారుకున్నాడనేగా? మా ఊరొచ్చిన పండితుడొకరు అలాగే చెప్పి నవ్వారు. మా పెదనాన్న ఆనాటినుంచి నలుగురిలోకి రావడం లేదు. ఆ మాటకు వేరే అర్థం ఉంటే మాత్రం, ఇన్నాళ్ల తరవాత నాకెలా తెలుస్తుంది?"

గురువు ఆమె కుడిచేతికి ఒక కర్ర ఇచ్చి పెరట్లో నిలబెట్టారు. తక్కిన శిష్యులను పిలిచి, రాలిపడిన నిమ్మకాయలు ఆమె మీదికి విసరమన్నారు. మొదటి కాయ భుజానికి తగిలింది. తరవాతిదాన్ని కర్రతో కొట్టింది. ఆపైన అన్నివైపులనుంచీ వచ్చిపడుతుంటే, గోడకు ఆనించి ఉన్న చేటను చటుక్కున అందుకుని మొహానికి అడ్డం పెట్టుకుంది. కాయలు దానికి తగిలి టపటపా రాలాయి.

"ఇక ఆపండి" అన్నారు గురువు. "అమ్మా, ఇప్పుడు చదువు."

ఆమె చదవబోయి ఆగింది. కుడిచేతి కర్రను చూసుకుంది. ఎడమచేతిలో ఇంకా వదలని చేటను చూసుకుంది.

"వలచేత, అంటే కుడిచేత, వాలు" అంది మెల్లగా. "దాపల అంటే ఎడమదారి కాదు, ఎడమచెయ్యి. ఆ చేత్తో పట్టింది అరిగె... అయ్యవారూ, అది డాలు."

ఆ ఏడు సమాధి దగ్గర మల్లసాని ఎక్కడా గొంతు తగ్గించకుండా పద్యం చదివి, అర్థం చెప్పింది. జనం వెనక నిలబడ్డ పెదనాన్న ముందుకు వచ్చి మళ్లీ చదవమన్నాడు. రెండోసారి వింటున్నంతసేపూ తల ఎత్తుకునే నిలబడ్డాడు.

"ఈ అర్థం నీకెవరు చెప్పారు తల్లీ?" అని అడిగాడు.

ఆమె, పద్యం వినడానికి వచ్చి పక్కనే నిలబడ్డ గురువువైపు తిరిగింది.

"నన్ను చూస్తావేం?" అన్నారు రుద్రయ్యగారు. "చెప్పడానికి పద్యంలో ఆ మాటకు ఇరుగూ పొరుగూ లేరా?"