మడ చెట్ల కాళ్ళు

ఒకప్పుడు మడ చెట్ల వేళ్ళు కూడా మామిడి చెట్లకీ వేప చెట్లకీ ఉన్నట్టే బుద్ధిగా మట్టి లోపలే ఉండేవి. ఆ బుద్ధి వేళ్ళకే ఉండేది. చెట్లకి ఉండేది కాదు.

గోదావరి వెళ్ళి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్ళ బురదలో ఆ చెట్లు దూరదూరంగా నిలబడేవి. ప్రతి చెట్టూ తన చుట్టూ రాలిన ఆకులతో ఒక గీత గీసుకునేది. పక్క చెట్టు వేరు ఆ గీత దాటిందా, ఇక చూసుకోండి! రోజూ సముద్రపు పోటు వచ్చి ఆ గీతల్ని చెరిపేసేది. చెట్లు రోజూ మళ్ళీ గీసుకునేవి. గీసుకున్నప్పుడల్లా కాస్త పక్కవాళ్ళ వైపు జరిపి గీసుకునేవి.

అందరిలోకీ పెద్ద తగువు పొన్నమ్మకీ మడయ్యకీ. పక్కపక్కనే ఉండే చెట్లు. పొన్నమ్మ విత్తనం ఒకటి రాలి, జారి, గీతకి అవతల మడయ్య వైపు మొలిచింది. రెండే రెండాకుల పిల్ల మొక్క. దాని పేరు బుల్లెమ్మ.

"చెల్లెమ్మా, మీ పిల్లని మీ వైపుకి తీసుకుపోండి. లేపోతే పీకేత్తాను," అన్నాడు మడయ్య.

"మొలిచిన మొక్క నడిచి వత్తాదేంటండీ అన్నయ్యగారూ? మీకు బుర్రుందాండీ? పీకండి చూత్తాను!" అంది పొన్నమ్మ.

ఆ వైపు అంతే. ఎంత తిట్టుకున్నా చివర 'అండీ' తగిలించి మరీ తిట్టుకుంటారు. మధ్యలో బుల్లెమ్మ రెండాకులతో రెండు చెవులూ మూసుకునేది.

ఒకరోజు బురదలోంచి గంగత్త పైకొచ్చింది. గంగత్త అంటే ముసలి పీత. ఆ చెట్ల కిందే కన్నం తవ్వుకుని కాపురం ఉంటోంది.

"ఏవండోయ్! నా కన్నంలో నీళ్ళు పైకి తన్నుతున్నాయి. గాలి బొత్తిగా ఆగిపోయింది. పెద్ద తుఫాను వత్తంది. ఒకర్నొకరు పట్టుకోండి!" అని అరిచింది.

చెట్లు సభ పెట్టాయి. ముందు ఎవరు మాట్లాడాలన్న దాని మీద చాలాసేపు కొట్టుకున్నాయి. చివరికి, సరే, ఓసారి పట్టుకుని చూద్దాం అనుకున్నాయి. మట్టి లోపల వేళ్ళు చాపాయో లేదో ఒక చెట్టుకి చక్కిలిగింతలు పుట్టాయి. ఇంకోటి, "నా కాలు తొక్కారండీ!" అని కేక పెట్టింది. మడయ్యైతే పొన్నమ్మ వేరు తగలగానే నిప్పు తొక్కినట్టు వెనక్కి లాక్కున్నాడు. సభ కాస్తా రసాభాస అయింది.

ఎవరి మట్టిని వాళ్ళు గట్టిగా పట్టుకుంటే చాలని తీర్మానం చేశారు. వాళ్ళందరూ ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే, అదీ తప్పు మాట మీద.

"మట్టిని మీరు పట్టుకుంటారు, బానే ఉంది. మరి మట్టినెవరు పట్టుకుంటారండీ?" అని అడిగింది గంగత్త.

చెట్లు అప్పటికే ఎవరి మట్టిని వాళ్ళు బిగించుకునే పనిలో పడ్డాయి. గంగత్త తల బాదుకుని, పీత పిల్లల్నందర్నీ వెంటేసుకుని పొన్నమ్మ కొమ్మలెక్కి కూర్చుంది.

మర్నాడు తుఫాను రానే వచ్చాడు. ఒళ్ళంతా పొగరు. "ఎవర్రా నా దారికడ్డం? తప్పుకోండి!" అంటూ సముద్రాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

వచ్చినవాడు చెట్ల జోలికి పోలేదు. మట్టి మీద పడ్డాడు. అన్నాళ్ళూ కొట్టుకు చచ్చిన గీతలు ఒక్క అలకి మాయమయ్యాయి. రెండో అలకి వేళ్ళ కింద బురద కూడా పోయింది. సముద్రం పక్కనున్న చెట్లు ఒంటరిగా ఊగి, ఒంటరిగా కూలిపోయాయి. తగువులమారివే కావచ్చు, కానీ అవి పడుతూ పెట్టిన కేకలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బుల్లెమ్మ కింద మట్టి కూడా జారిపోయింది. "అమ్మా!" అని అరిచింది.

పొన్నమ్మ మట్టిలోంచి వేరు చాపుదామంటే మట్టేదీ? సిగ్గూ ఎగ్గూ వదిలేసి ఒక వేరుని పైకి లాగి గాల్లోంచి విసిరింది. అందలేదు. ఇంకొంచెం చాపింది. అయినా అందలేదు. ఇక బుల్లెమ్మకి అందేంత దగ్గరలో ఉన్నది మడయ్య ఒక్కడే.

"అన్నయ్యగారూ! మీ కాళ్ళు పట్టుకుంటాను. నా పిల్లనందుకోండి!" అని ఏడ్చింది.

పీకేస్తానని రోజూ బెదిరించినవాడు మడయ్య. పైగా అప్పటికే వాడు కూడా పక్కకి వాలిపోతున్నాడు. నిలబడాలంటే ఉన్న వేళ్ళన్నీ వాడికే చాలడం లేదు. బుల్లెమ్మ వైపు చూశాడు. రెండాకుల్లో ఒకటి అప్పుడే ఊడిపోయింది.

"ఛీ! దిక్కుమాలిన బతుకు!" అని తిట్టుకుంటూ తన వేరొకటి బయటికి పెరికి, పిల్లని చుట్టేశాడు. ఆ వేరు వెళ్ళి పొన్నమ్మ వేరుకి తగిలింది. రెండూ మెలిపడ్డాయి.

చిత్రం చూడండి, మడయ్య వాలడం ఆగిపోయింది!

"ఓరి నాయనో, నిలబడ్డాను!" అని మడయ్య గొంతు చించుకుని అరిచాడు. "ఏవండోయ్, అందరూ కాళ్ళు బయటికి తియ్యండి! పక్కోళ్ళ మీద వేసెయ్యండి! మొహమాటపడకండి!"

చెట్లన్నీ వేళ్ళు పైకి లాగాయి. దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకున్నాయి.

"మీ వేరు నా ముక్కులోకొచ్చిందండీ!"

"ఓర్చుకోండి, తుఫాను పోయాక తీత్తాను!"

తుఫానుకి ఒళ్ళు మండింది. ఒక చెట్టుని పట్టుకుని లాగాడు. దానితో పాటు అడవంతా కదిలింది, మళ్ళీ వెళ్ళి యథాస్థానంలో నిలబడింది. "ఈ వేరెవరిదిరా?" అని గద్దించాడు.

"తెలీదండీ!" అన్నాయి చెట్లన్నీ. అబద్ధం కాదు, నిజంగానే తెలీదు.

ఎవర్ని పీకాలో తెలీక తుఫాను పీకి పీకి అలిసిపోయాడు. రొప్పుకుంటూ అడవి దాటేసరికి వాడిలో చినుకులు తప్ప ఏమీ మిగల్లేదు.

తెరిపిచ్చింది. పడిపోయిన చెట్లు ఇక లేవలేదు. మిగిలినవి వాటి కోసం ఏడ్చాయి. వాటి మొదళ్ళని వేళ్ళతో పొదివి పట్టుకుని కొట్టుకుపోకుండా ఆపాయి. గోదావరి తెచ్చిన ఒండ్రు ఆ సందుల్లో చిక్కుకుని నేల మళ్ళీ పైకొచ్చింది. పీతలు దిగి, బురదని గుల్లచేసి నీళ్ళు పోయే దారి చేశాయి. చేపపిల్లలు చెప్పా పెట్టకుండా వేళ్ళ మధ్య కాపురాలు పెట్టేశాయి. బుల్లెమ్మకి కొత్తాకు వచ్చింది.

అప్పుడు మడయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే, తుఫాను పోయిందిగా. ఇక ఎవరి కాళ్ళు వాళ్ళు తీసుకోండి."

తీద్దామని ఒక వేరు లాగాడు. "అబ్బా! అది నాదండీ!" అని పొన్నమ్మ కేక పెట్టింది. ఇంకోటి లాగాడు. ఎక్కడో అడవి చివర ఎవరో తిట్టారు. మూడోది కాస్త కదిపాడో లేదో బుల్లెమ్మ ఒరిగింది.

"మావయ్యా, అది తీసేత్తే నేను పడిపోతాను," అంది.

మడయ్య చాలాసేపు గొణుక్కున్నాడు. బుల్లెమ్మని మళ్ళీ నిటారుగా నిలబెట్టాడు. వేరు మాత్రం వదల్లేదు.

"ఇవాళ్టికి ఉంచుతాను. రేపు తీసేత్తాను," అన్నాడు.

అప్పటినుంచే మడ చెట్ల వేళ్ళు బురద పైకి లేచి, ఏది ఎవరిదో తెలీకుండా ఒకదాని మీద ఒకటి వేసుకుని ఉంటాయి. మడయ్య చెప్పిన రేపు ఇంకా రాలేదు.