మడి దాటిన పుదీనా

జ్వరం తగ్గి లేచిన ఓబుళదాసుకు ఒంట్లో సత్తువ తిరిగి వచ్చింది కానీ, గొంతు రాలేదు.

మాట బాగానే ఉంది. పాటే పోయింది. తంబురా మీటి పై శ్రుతి అందుకోబోతే చాలు, ఎండు పుల్ల విరిగినట్టు గొంతు పుటుక్కుమనేది.

మదనపల్లె అవతల కొండ మీద చెన్నమాంబ ఆశ్రమం ఉంది. పున్నమి పున్నమికీ జనం వచ్చేది అమ్మ దర్శనానికే అయినా, అందులో సగంమంది ఓబుళదాసు పాడే తత్వాల కోసం కూడా వచ్చేవాళ్ళు. అతను పైస్థాయిలో పాట ఎత్తుకుంటే కొండ కింద మేకలు కాసేవాళ్ళు సైతం తలెత్తి చూస్తారని పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా ఇష్టం.

గురుపూజ దగ్గరపడుతోంది. మిరియాల కషాయం తాగాడు. తేనె నాకాడు. కొండ అంచుకు పోయి గొంతు చించుకుని సాధన చేశాడు. ఉన్నది కాస్తా బొంగురుపోయింది.

చివరికి మూట కట్టుకుని వచ్చి అమ్మ కాళ్ళకు మొక్కాడు.

"పోయొస్తానమ్మా. పాట పోయినోణ్ని, ఈడ ఉండి ఏం జేస్తా?"

చెన్నమాంబ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"పోదువులే నాయనా. పోయేముందు ఆ ఆపిల్ పుదీనా సంగతి చూడు. గురుపూజకు వచ్చినోళ్ళకు దాని ఆకు కాచి ఇయ్యాల."

ఊటీలో ఉండే భక్తురాలొకామె ఎప్పుడో తెచ్చిచ్చిన మొక్క అది. మామూలు పుదీనా అంత ఘాటు ఉండదు. ఆకు గుండ్రంగా, దూడ చెవిలా మెత్తగా, సన్నటి నూగుతో ఉంటుంది. నలిపితే మాగిన ఆపిల్ వాసన. కొండ చల్లదనానికి బాగా బతికింది. వంటింటి పక్కన ఇటుకలు పేర్చి మడి కట్టి అందులో పెంచుతున్నారు. ఓబుళదాసు మంచాన పడ్డాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు మడి నడుమ పుల్లల్లాంటి కాడలు, వాటి కొసల్లో పాలిపోయిన ఆకులు కొన్ని మిగిలాయి.

ఓబుళదాసు మూట విప్పాడు. మన్ను గుల్ల చేశాడు. మాగిన పెంట కలిపాడు. ఎండ తగలకుండా చాప కట్టాడు. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాడు. మిగిలిన ఆకులూ రాలాయి. ఇంకా పోశాడు. కాడలు మొదట్లో కుళ్ళాయి.

చెన్నమాంబ రోజూ అటుగా వచ్చి, మడిని చూసి వెళ్ళిపోయేది.

ఒక పొద్దున అతను చెంబు విసిరికొట్టాడు.

"చచ్చిపోయిందమ్మా! నా చేతిలో ఏదీ బతకదు."

"రా," అందామె.

వంటింటి మూల తిరిగి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ కట్టెల మోపులు, వాటి వెనక నిమ్మచెట్టు. అంట్లు తోమిన నీళ్ళు సన్నగా ఆ చెట్టు నీడలోకి పారుతుంటాయి. ఎవరూ పెద్దగా తొక్కని చోటు. ఓబుళదాసు అడుగు వేశాడు. అరికాలి కింద ఏదో మెత్తగా నలిగింది. గుప్పున ఆపిల్ వాసన లేచింది.

కిందికి చూశాడు. నిమ్మచెట్టు మొదలు నుంచి గోడ దాకా పచ్చగా, ఒత్తుగా పరుచుకున్న ఆపిల్ పుదీనా.

చెన్నమాంబ వంగి, మట్టిలోంచి తీగలాంటి వేరును పైకి లేపింది. అది గోడ వారగా పాకి, ఇటుకల కింద దూరి, పాత మడిలోకి పోతోంది.

"ఇది ఈడికి ఎప్పుడొచ్చిందమ్మా?"

"నువ్వు ఆడ నీళ్ళు పోస్తా ఉన్నప్పుడే."

ఓబుళదాసు ఆ వేరును మళ్ళీ మట్టితో కప్పాడు. తర్వాత కొడవలి తెచ్చాడు. కొసలు కోసి బుట్ట నింపాడు. కొస తుంచిన చోట పక్క కొమ్మలు వేస్తాయని అతనికి తెలుసు. వేరున్న ముక్కలు కొన్ని తవ్వి కుండీల్లో నాటాడు. పనిలో పడి, తనకే తెలియకుండా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పొట్టలోంచి వస్తున్న ఆ కింది శ్రుతి ఎక్కడా విరగడం లేదని గమనించేసరికి చేతిలో కొడవలి ఆగిపోయింది.

గురుపూజ నాడు ఆశ్రమం నిండా జనం. ఆకును వేడినీళ్ళలో నానబెట్టి, నూగు గొంతుకు తగలకుండా గుడ్డలో వడగట్టి, బెల్లం వేసి అందరికీ లోటాలతో ఇచ్చారు. తాగినవాళ్ళు మళ్ళీ అడిగి పోయించుకున్నారు.

ఓబుళదాసు తంబురా అందుకుని, శ్రుతి దించడానికి తీగ వదులు చేశాడు. జనంలో గుసగుస లేచింది. "గొంతు పడిపోయిందంట పాపం," అన్నారెవరో వినపడేట్టే. అతను తీగ మీటాడు. కళ్ళు మూసుకుని పల్లవి అందుకున్నాడు. కిందిస్థాయిలో, మెల్లగా.

గుసగుస ఆగిపోయింది.

రెండోసారి పల్లవికి ముందు వరుసలో ఒక ముసలమ్మ గొంతు కలిపింది. ఆమె వెనక ఇంకొకరు. చరణం అయ్యేసరికి మగవాళ్ళు, ఆడవాళ్ళు, పొయ్యి దగ్గర వంటవాళ్ళు, అందరూ పాడుతున్నారు. తాళాలకు చప్పట్లు తోడయ్యాయి. కొండంతా ఒకటే పాట! ఓబుళదాసు తాను పాడటం ఆపి చూశాడు. పాట ఆగలేదు.

కళ్ళ నీళ్ళతో, పక్కనే కూర్చున్న అమ్మ వైపు వంగాడు.

"అమ్మా, అందరూ పాడతాండారమ్మా! ఎప్పుడూ పాడలేదే వీళ్ళు?"

"నువ్వు ఎప్పుడైనా వాళ్ళకు అందేట్టు పాడినావా నాయనా?" అంది చెన్నమాంబ.

అని, తనూ గొంతు కలిపింది.