మొన్నటి రవ్వ ముద్ద

"ఒక మనిషి కోసమే పుట్టిన మనిషి ఎక్కడో ఒకరుంటారంటారు. నిజమేనా గురువుగారూ?" అని శేషగిరి అడిగాడు. మా పేరయ్య గారు వక్క నమలడం ఆపారు. ఆ నెలలో ఆ ప్రశ్న ఎన్నోసారో ఆయన లెక్కపెట్టడం మానేశారు. మృదంగం నేర్పేవాణ్ణి పట్టుకుని జాతకం చెప్పమన్నట్టుందని ఆయనకు ఒళ్ళు మండేది. "ముందు మృదంగం దించరా" అన్నారు.

నేనూ ఆయన శిష్యుణ్ణే. కాకపోతే నా వాయింపు విన్న మొదటి వారంలోనే నన్ను రవ్వ కలిపే పనికి మార్చారు. మృదంగానికి కుడివైపున్న నల్లమచ్చ ఎప్పుడూ ఉండేదే. ఎడమవైపు తోలుకి మాత్రం వాయించబోయే ముందు తడి రవ్వ ముద్ద అంటించాలి, అయ్యాక గోకి పారెయ్యాలి. అది ఉంటేనే గుమ్మనే నాదం వస్తుంది. అంత విద్యలో నాకు అబ్బింది ఆ ముద్ద ఒక్కటే. అదైనా పూర్తిగా అబ్బిందని గురువుగారు ఒప్పుకోలేదు.

శేషగిరి చేతిలో సరస్వతి, బుర్రలో బెంగ. గాయని హైమవతికి పక్కవాద్యం వాడే. ఇద్దరికీ ఇష్టమని సభలో కుర్చీలు వేసేవాళ్ళకి కూడా తెలుసు. పెళ్ళిమాట ఆమే ఎత్తింది. వీడు "ఆలోచిస్తా" అన్నాడు. తన కోసం పుట్టిన మనిషి ఈమె కాదేమో, తొందరపడితే ఇద్దరికీ అన్యాయమేమో అనుకుంటూ వేసవంతా ఆలోచించాడు. ఈలోగా ఆమె ఇంట్లో వేరే సంబంధం కుదుర్చుకొచ్చారు. శనివారం కచేరీ రోజున అవునో కాదో తేల్చెయ్యమని ఆమె చెప్పేసింది.

గురువారం సాధకంలో నేను కలిపిన ముద్ద ఎలా కుదిరిందో ఏమో, ఎడమవైపు అలాంటి నాదం మేమెవరమూ వినలేదు. శేషగిరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇదిరా! ఈ తోలు కోసమే పుట్టిన ముద్ద!" అన్నాడు. గోకబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. తడిగుడ్డ కప్పి, శనివారం దీనితోనే వాయిస్తానన్నాడు. నా ముద్దని మెచ్చుకున్న మొదటి మనిషి కదా అని నేను నోరు మూసుకున్నాను. మర్నాడు గురువుగారు గుడ్డ ఎత్తి చూసి, ముక్కు మూసుకుని, నుదురు కొట్టుకుని వెళ్ళిపోయారు.

శనివారం హైమవతి మొదటి పాట ఎత్తుకుంది. ముద్ద చెదురుతుందని అప్పటిదాకా తాకని ఎడమవైపు శేషగిరి చెయ్యి వేశాడు. గుమ్మనాల్సింది అట్టపెట్టె మీద కొట్టినట్టు టప్పుమంది. మరో దెబ్బకి ముద్ద నిలువునా పగిలింది. ఆ తర్వాతి దెబ్బకి సగం ఊడి వాడి పట్టుపంచె మీద పడింది. "అదేమిటయ్యా, పిడకా?" అన్నారు ముందు వరసలో ఒక పెద్దాయన.

హైమవతి చూసిన చూపుకి ఇంకొకడైతే వేదిక దిగి పారిపోయేవాడు. ఆమె ఆ పాట అక్కడికి ముగించి, అనుకోని కాంభోజి ఆలాపన అందుకుంది. ఆలాపనకి మృదంగం అక్కర్లేదు. నేను చెంబు పట్టుకుని వేదిక ఎక్కాను. వాడు గోళ్ళతో పాతది గోకాడు, నేను కొత్తది కలిపాను. కంగారులో నీళ్ళెక్కువయ్యాయి. కంగారు లేనప్పుడూ అంతేననుకోండి. వాడు అంటించి, కొట్టి చూసి, కాస్త తీసి, మళ్ళీ కొట్టి చూశాడు. ఆమె ఓరకంట కనిపెడుతూ, ఇంకా కాలేదనిపించినప్పుడల్లా రాగాన్ని ఇంకాస్త సాగదీసింది. వెంట వాయించలేక వయొలిన్ ఆయనకి చెమటలు పట్టాయి. చివరికి ఎడమవైపు గుమ్మంది. గురువారం నాటి నాదం కాదు గానీ, కచేరీ నిలబెట్టే నాదమే.

కచేరీ అయ్యాక ఆమె వేదిక వెనక్కి వచ్చింది. గొంతు బొంగురుపోయింది. "చెబుతావా శేషగిరీ, ఇంకో రాగం అందుకోమంటావా?" అంది.

వాడు గాభరాగా నా చేతిలో చెంబు లాక్కుని ఆమెకి అందించాడు. ఆమె లోపలికి చూసింది.

"ఇవి రవ్వ కలిపిన నీళ్ళు."

"అవును," అన్నాడు వాడు.

"నీళ్ళ సంగతి కాదు నేనడిగింది."

"దానికీ అవుననే," అన్నాడు.

ఆమె చెంబు నా చేతిలో పెట్టి, మంచినీళ్ళు తెమ్మంది. నేను తెచ్చేసరికి శేషగిరి మృదంగం ఒళ్ళో పెట్టుకుని, గురువుగారి ముందు తల వంచుకుని నసుగుతున్నాడు. "గురువుగారూ, ఈ ముద్ద మాత్రం ఉంచుకుంటానండీ... ఇవాళ్టి గుర్తుగా..."

పేరయ్య గారు వాడి వంకా, ఆమె వంకా చూసి, పైకప్పు వంక చూశారు.

"గోకెయ్యరా! రేపటిది రేపు కలుపుకో. నీ చేత్తోనే కలుపుకో."